సీసా మీద ఊరి పేరు, టిక్కీ మీద ఎవరి పేరు?



ఈ నెల సంపాదకీయం ఒక వైన్ సీసాతో మొదలుపెడుతున్నాను. కొందరికి నవ్వు రావచ్చు, కొందరికి కోపం రావచ్చు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమంలో మన సంఘం వాళ్లు కూడా తిరిగారు. ఆ రోజుల్లో సారా కొట్ల ముందు కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పటికీ ఇప్పటికీ నేను తాగేవాణ్ణి కాదు, తాగమని ఎవరికీ చెప్పను. ఈ మాటలన్నీ ఆ సీసాలో ఉన్నదాని గురించి కాదు, దాని మీద అంటించిన కాగితం గురించి.

మా ఊళ్లో ఒక సభ్యుడి కొడుకు చదువు కోసం ఫ్రాన్సు వెళ్లాడు. సెలవుల్లో ఖర్చులకని ఒక ద్రాక్ష తోటలో కొన్ని నెలలు పని చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆ తోట యజమానులు ఒక సీసా ఇచ్చి పంపారట. దాన్ని మా ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టాడు. "ఏంట్రా ఇది, నాకెందుకు?" అన్నాను. "బాబాయ్, నువ్వు తాగొద్దులే. దీని మీద ఏం రాసుందో చదివి చెప్తా, విను" అన్నాడు.

చదివాడు. పైన పెద్ద అక్షరాల్లో 'షాబ్లీ' అని ఉంది. అది ఊరి పేరు. దాని కింద, ఆ పేరుకు చట్టం కాపలా ఉందని చెప్పే మాట. దాని కింద, పండించిన కుటుంబం పేరు. ఆ కింద పంట ఏడాది. అడుగున చిన్న అక్షరాల్లో 'తోటలోనే సీసాలో నింపినది' అని. ద్రాక్ష రకం పేరు మాత్రం ఎక్కడా లేదు. ఎందుకు లేదని అడిగితే, "అక్కర్లేదు బాబాయ్. షాబ్లీ అంటే షార్డొనే అనే ఒక్క రకమే. వేరే రకం వేస్తే ఆ పేరు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లకు పైగా మిర్చి పండిస్తున్నాను. నా పేరు ఉన్న కాగితం ఒక్కటి కూడా నా పంటతో పాటు మార్కెట్ దాటి వెళ్లలేదు. అమ్మిన రోజు చీటీ మీద నా పేరు ఉంటుంది, తరుగు ఉంటుంది, మచ్చు పోయింది ఉంటుంది. టిక్కీ మీద మాత్రం కొన్నవాడి మార్కా పడుతుంది. ఒక ఏడాది నా కాయలు, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన కాయలు ఒకే కుప్పలో కలిపి 'గుంటూరు మిర్చి' అని ఎక్కించడం నా కళ్లతో చూశాను. ఇదేంటని అడిగితే, ఆ వ్యాపారి "నీ డబ్బు నీకొచ్చిందిగా, ఇంకేం కావాలి?" అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆ సీసా చూశాక జవాబు దొరికింది.

ఊరు, మట్టి, మంచు

షాబ్లీ చిన్న ఊరు. పారిస్ నగరానికి ఆగ్నేయంగా, సెరెన్ అనే చిన్న ఏటి గట్టున ఉంది. చుట్టూ ఇరవై దాకా గ్రామాలు. అన్నీ కలిపితే ద్రాక్ష ఇప్పుడు సుమారు 5,800 హెక్టార్లు, అంటే పద్నాలుగు వేల ఎకరాల పైచిలుకు. మన దగ్గర రెండు మూడు మండలాల్లో మిర్చి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అక్కడి నేల సున్నపురాయి, బంకమట్టి కలిసింది. చేతిలోకి తీసుకుంటే చిన్న చిన్న నత్తగుల్లల గుర్తులు కనిపిస్తాయి. కోట్ల ఏళ్ల కిందట అది సముద్రం.

తోటలను నాలుగు తరగతులు చేశారు. ఊరికి ఎదురుగా ఎండ తగిలే ఒక కొండ వాలు మీద ఏడు చెక్కలకు పెద్ద తరగతి. అన్నీ కలిపి వంద హెక్టార్లు. దాని కింద ఒక తరగతి, ఆ కింద మామూలు షాబ్లీ, చివర చిన్న షాబ్లీ. ఏ చెక్క ఏ తరగతో కాగితం మీద గీసి ఉంది. వ్యాపారి నోటి మాట మీద తరగతి మారదు. మన కాయను చేతిలో విరిచి చూసి 'ఇది రెండో రకం' అని ధర కోసేవాళ్లను తలుచుకోండి.

మా కుర్రాడు పని చేసిన తోట ముప్పై ఎకరాలు. అన్నాచెల్లెళ్లు ఇద్దరూ చూసుకుంటారు. నడిపించేది చెల్లెలే. ఏడాదంతా పనిచేసేవాళ్లు ఇంకో ఇద్దరు. చలికాలం నాలుగు నెలలూ కొమ్మ కత్తిరింపే. ఒక్కో తీగకు ఎన్ని కళ్లు వదలాలో కూడా రూలు ఉంది. సెప్టెంబరులో కోత. ఆ ఊళ్లో ఎక్కువ తోటల్లో యంత్రాలతో కోస్తారు, ఏటవాలు చెక్కల్లో చేత్తో కోస్తారు. కోసిన పండు గంటల్లో గానుగకు పోతుంది. రసం తొట్లలో పులుస్తుంది, తేరుతుంది, నెలలు గడిచాక సీసాల్లోకి వస్తుంది. ఇదంతా ఆ ఇంటి దొడ్లోనే. కిలో పైచిలుకు పండు ఒక సీసా అవుతుంది. ఆ సీసా తోట దగ్గర పదిహేను యూరోలకు అమ్ముతారని మావాడు చెప్పాడు. మన లెక్కలో పద్నాలుగు వందలు దాటుతుంది. సీసా, బిరడా, కాగితం, కూలి, పన్ను, అప్పు అన్నీ అందులోంచే పోవాలి. అయినా ధర చెప్పింది ఎవరు? పండించినవాళ్లు.

వాళ్లకూ ప్రకృతి చేసే అన్యాయం తక్కువేమీ కాదు. ఏప్రిల్‌లో తీగ చిగురు వేసే వేళకు మంచు పడుతుంది. ఒక్క రాత్రి సున్నా కింద నాలుగైదు డిగ్రీలకు పడిపోతే ఏడాది పంట తెల్లారేసరికి నల్లబడుతుంది. 1945లో, 1957లో అలాగే తుడిచిపెట్టుకు పోయింది. అందుకని ఏప్రిల్ రాత్రుళ్లు అక్కడ ఎవరూ పడుకోరు. సాళ్ల మధ్య మైనపు డబ్బాలు వెలిగిస్తారు, ఎకరానికి వంద పైనే. కొన్ని తోటల్లో చిగుళ్ల మీద నీళ్లు చల్లుతూనే ఉంటారు. నీరు గడ్డకట్టేటప్పుడు కొంచెం వేడి వదులుతుంది. ఆ ఐసు తొడుగు లోపల చిగురు బతుకుతుంది. మంచును మంచుతోనే ఆపడం! తుపాను హెచ్చరిక విని కల్లంలో కాయల మీద పరదాలు కప్పుకుంటూ తెల్లవార్లూ తిరిగే మనకు ఆ రాత్రులు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

పేరు ఊరికే రాలేదు

ఇదంతా విని 'వాళ్లది ధనిక దేశం, వాళ్లకు జరుగుతుంది' అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. వాళ్ల చరిత్ర తెలుసుకుంటే ఆ మాట నిలవదు.

నూటయాభై ఏళ్ల కిందట షాబ్లీ ఉన్న జిల్లాలో ద్రాక్ష సుమారు 40 వేల హెక్టార్లు ఉండేది. పారిస్ నగరానికి వైన్ పంపే సీమ అది. 1850ల్లో పారిస్ నుంచి దక్షిణానికి రైలు పడింది. దక్షిణాది నుంచి చవక వైన్ రైళ్లలో వచ్చి పడింది. దాని వెనకే ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు. అమెరికా మొక్కలతో పాటు వచ్చి, 1860ల్లో దక్షిణ ఫ్రాన్సులో వేళ్లు తినడం మొదలుపెట్టి, ఇరవై ఏళ్లలో షాబ్లీకి చేరింది. చివరికి అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మ అంటు కడితేనే తోట బతికింది. ఈ రోజుకీ అంటు మొక్కలే. కానీ అంటు కట్టి మళ్లీ వేసుకునే శక్తి అందరికీ లేదు. తర్వాత రెండు యుద్ధాలు. 1950ల నాటికి షాబ్లీలో మిగిలింది 500 హెక్టార్లు. జనం పొలాలు వదిలి నగరానికి పోయారు. అక్కడ ఆగిపోయి ఉంటే ఈ పేరు ఎవరికీ గుర్తుండేది కాదు.

పురుగు తోటలను తిన్న రోజుల్లో వ్యాపారులు ఇంకో పని చేశారు. ఎండు ద్రాక్ష నానబెట్టి, చక్కెర కలిపి, నీళ్లు పోసి వైన్ అని అమ్మారు. తోటలు మళ్లీ కాపుకు వచ్చాక కూడా ఆ కల్తీ ఆగలేదు. అసలు పంటకు ధర లేకుండా పోయింది. దక్షిణాన లాంగ్‌డాక్ సీమలో రైతు ఇళ్లు ఆకలితో అల్లాడాయి.

1907 మార్చి 11న ఆర్జెలియే అనే పల్లె నుంచి 87 మంది ద్రాక్ష రైతులు నార్బోన్ పట్టణానికి నడిచి వెళ్లారు, విచారణకు వచ్చిన పార్లమెంటు సంఘానికి తమ గోడు చెప్పుకోవడానికి. వాళ్ల ముందు నడిచినవాడు మార్సెలిన్ ఆల్బర్ట్, చిన్న రైతు, కాఫీ కొట్టు నడుపుకునేవాడు. అక్కడి నుంచి ప్రతి ఆదివారం ఒక ఊళ్లో సభ. వేలు పదివేలయ్యాయి, పదివేలు లక్షలయ్యాయి. జూన్ 9న మోంపెలియే నగరంలో ఐదు లక్షలకు పైగా జనం. మేయర్లు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. జనం పన్ను కట్టం అన్నారు. ప్రభుత్వం సైన్యాన్ని దించింది. జూన్ 19, 20 తేదీల్లో నార్బోన్‌లో కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఆ వార్త విని 17వ పటాలం సైనికులు తిరగబడ్డారు. వాళ్లు ఆ సీమ రైతుల బిడ్డలే. తండ్రుల మీద తుపాకీ ఎత్తమన్నారు.

ఆ తర్వాత జరిగింది మన సంఘాల వాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆల్బర్ట్ ఒంటరిగా పారిస్ వెళ్లి ప్రధాని క్లెమెన్సోను కలిశాడు. క్లెమెన్సో మెత్తగా మాట్లాడి, ఇంటికి వెళ్లడానికి రైలు ఖర్చుకు వంద ఫ్రాంకులు చేతిలో పెట్టాడు. ఆల్బర్ట్ అమాయకంగా తీసుకున్నాడు. ప్రధాని ఆ సంగతి పత్రికల వాళ్లకు చెప్పాడు. 'అమ్ముడుపోయాడు' అన్నారు జనం. ఐదు లక్షల మందిని కదిలించిన మనిషి సొంత ఊళ్లో తలెత్తుకోలేకపోయాడు. ఆ డబ్బు తిరిగి కట్టినా మచ్చ పోలేదు. నాయకుడు ఒంటరిగా చర్చలకు పోకూడదనే పాఠానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

కానీ ఉద్యమం ఓడిపోలేదు. జూన్ 29న నీళ్లు, చక్కెర కల్తీని అణచే చట్టం వచ్చింది. పండించిన ప్రతివాడూ ఏటా ఎంత పండించాడో ప్రకటించాలన్న నియమం వచ్చింది. పండిందాని కన్నా అమ్మింది ఎక్కువైతే దొంగ దొరికిపోతాడు. ఆ సెప్టెంబరులోనే ద్రాక్ష రైతులు తమ సమాఖ్య కట్టుకున్నారు. కల్తీ మీద నిఘా పెట్టి, పట్టుకుని, కోర్టుకు ఈడ్చే పని ఆ సమాఖ్యే చేసింది.

1911లో షాంపేన్ సీమలో ఇంకో గొడవ. వ్యాపారులు బయటి నుంచి పండు తెచ్చి షాంపేన్ పేరుతో అమ్ముతున్నారని రైతులు తిరగబడ్డారు. ఏప్రిల్‌లో ఆయి అనే ఊళ్లో గిడ్డంగులకు నిప్పంటుకుంది. అక్కడ రైతుకు రైతుకు మధ్య కూడా తగువు పడింది. హద్దు గీస్తే లోపల ఎవరు, బయట ఎవరు? బయట పడ్డ ఓబ్ జిల్లా రైతులూ ఎర్ర జెండాలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. వాళ్లను పూర్తిగా లోపలికి తీసుకోవడానికి 1927 దాకా పట్టింది. షాబ్లీలోనూ ఆ నత్తగుల్లల మట్టి దాటి పేరు ఇవ్వాలా వద్దా అని రైతులే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. పేరు అంటే ఆస్తి. ఆస్తి ఉన్న చోట తగువూ ఉంటుంది. అది దాచాల్సిన పని లేదు.

1919లో ఊరి పేరును కాపాడే చట్టం వచ్చింది. అది చాలలేదు. హద్దు గీసింది గానీ, ఆ హద్దు లోపల ఎలా పండించాలో చెప్పలేదు. 1935లో ఆ లోటు తీర్చారు. పేరు కావాలంటే హద్దుతో పాటు రకం, కత్తిరింపు, దిగుబడి, తయారీ అన్నిటికీ నియమాలు. వాటిని చూసేందుకు ఒక జాతీయ సంస్థ. షాబ్లీకి ఆ హోదా 1938లో వచ్చింది. ఆ నియమాలు ఆఫీసులో కూర్చుని రాసినవి కావు. ఊరి ద్రాక్ష రైతుల సంఘం రాసి ఇస్తుంది, జాతీయ సంస్థ పరిశీలిస్తుంది, ప్రభుత్వం ముద్ర వేస్తుంది.

అందులో రైతుకూ కళ్లెం ఉంది. మామూలు షాబ్లీకి హెక్టారుకు 60 హెక్టోలీటర్లు, అంటే ఎకరానికి సుమారు 2,400 లీటర్లే ప్రాథమిక పరిమితి. ఎక్కువ పండించి ఎక్కువ అమ్ముదాం అంటే కుదరదు. మన దగ్గర ఈ మాట చెప్తే 'దిగుబడి తగ్గించుకోమంటావా?' అని నా మీదికే వస్తారు. కానీ ఒక ఏడాది ధర పలికిందని అందరం మిర్చి వేసి, మరుసటి ఏడాది కోల్డ్ స్టోరేజీల ముందు బారులు తీరి ఏడ్చింది మనమే కదా.

ఒంటరి రైతుకు పేరు దక్కదు

అందరికీ సొంత గానుగ, సొంత తొట్లు ఉండవు. షాబ్లీలో 1923లోనే రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. దాని పేరు లా షాబ్లిజియెన్. ఇప్పుడు ఆ సీమ వైన్‌లో సుమారు పావు వంతు ఆ సంఘానిదే. చిన్న రైతు పండు తెచ్చి పోస్తాడు. తయారీ, నిల్వ, అమ్మకం సంఘం చూస్తుంది. ధర పడిపోయిన ఏడాది కంగారుపడి అమ్ముకోనవసరం లేదు. వందేళ్లు దాటినా ఆ సంఘం బతికే ఉంది. మన దగ్గర సహకార చక్కెర ఫ్యాక్టరీల గతి, డెయిరీల గతి మీకు తెలుసు. సంఘం సభ్యుల చేతిలో ఉంటే నిలుస్తుంది, పార్టీ చేతిలోకి పోతే కూలుతుంది.

ఇంకో సంగతి కౌలు. ఫ్రాన్సులో సాగుభూమిలో సగానికి పైగా కౌలుదే. యుద్ధం ముగిశాక 1945, 1946ల్లో అక్కడ కౌలు చట్టం తెచ్చారు. కౌలు కనీసం తొమ్మిదేళ్లు. గడువు తీరాక మళ్లీ తొమ్మిదేళ్లు కొనసాగించే హక్కు. యజమాని తానో తన బిడ్డలో స్వయంగా సాగు చేస్తామంటే తప్ప సులువుగా వెళ్లగొట్టలేడు. కౌలు రేటుకు జిల్లా అధికారి పై హద్దు, కింది హద్దు పెడతాడు. భూమి అమ్మితే ముందు కౌలుదారుకే కొనే అవకాశం. 1960 నుంచి వ్యవసాయ భూమి అమ్మకాల్లో ముందుగా కొనే అధికారం ఉన్న సంస్థలు కూడా ఉన్నాయి. అవి భూమి కొని, సాగు చేసే యువకులకు ఇచ్చే ప్రయత్నం చేస్తాయి.

మన ఆంధ్రప్రదేశ్ 2019 సాగుదారుల హక్కుల చట్టంలో ఒప్పందం పదకొండు నెలలు. అదీ యజమాని సంతకం పెడితేనే. సంతకం లేక, కార్డు లేక, బ్యాంకు అప్పు లేక, నష్టపరిహారం లేక కౌలు రైతు పురుగు మందు డబ్బా దగ్గర ఆగిపోతున్నాడు. అక్కడ తొమ్మిదేళ్లు, ఇక్కడ పదకొండు నెలలు. పదకొండు నెలల రైతు తోట నాటగలడా? మట్టికి ఎరువు పెట్టగలడా? పేరు నిలబెట్టగలడా?

అక్కడా అంతా పచ్చగా లేదు

ఫ్రాన్సును ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. 2021 ఏప్రిల్ మంచుకు షాబ్లీతో పాటు దేశమంతటా తోటలు మాడిపోయాయి. ఈ శతాబ్దంలో ఇదే పెద్ద వ్యవసాయ విపత్తు కావచ్చని అప్పటి వ్యవసాయ మంత్రే అన్నాడు. దాని తర్వాత 2022లో కొత్త బీమా చట్టం చేశారు. చిన్న నష్టం రైతు భరించాలి, మధ్య నష్టం బీమా భరించాలి, ద్రాక్షలో సగానికి మించి పోతే ప్రభుత్వం భరించాలి. మన దగ్గర బీమా డబ్బు ఎప్పుడు వస్తుందో, ఎవరికి వస్తుందో అడిగితే చెప్పే దిక్కు లేదు.

2019 అక్టోబరులో అమెరికా ఫ్రెంచి వైన్ మీద 25 శాతం సుంకం వేసింది. ద్రాక్ష రైతు చేసిన తప్పేమీ లేదు. విమానాల కంపెనీల రాయితీల గురించి రెండు ఖండాలకు తగువు. విమానాల వాళ్లు కొట్టుకుంటే సీసా వాడి తల పగిలింది. 2021 మార్చిలో గానీ దాన్ని ఆపలేదు. మన రొయ్య రైతులకు ఈ బాధ విడమరిచి చెప్పనవసరం లేదు.

మందుల సంగతీ ఉంది. పురుగు మందులు కొట్టే రైతులకు వచ్చే పార్కిన్సన్ జబ్బును అక్కడ 2012లో వృత్తి జబ్బుగా ఒప్పుకున్నారు. వైద్యం, పరిహారం అడిగే హక్కు వచ్చింది. మిర్చికి వారం వారం మందు కొట్టే మనకు ఆ ఊసే లేదు.

భూమి ధర ఎక్కువ కావడం కూడా శాపమే. అక్కడ ఆస్తి ఆడబిడ్డలకూ మగబిడ్డలకూ సమానంగా పంచాలి. పేరు పెరిగేకొద్దీ భూమి ధర పెరుగుతుంది, వారసత్వ పన్ను పెరుగుతుంది, అన్నదమ్ముల వాటాలు కొనే స్థోమత ఉండదు. అప్పుడు డబ్బున్నవాడు వస్తాడు. అదే బర్గండీ సీమలో కోర్టోన్ కొండ మీద తెల్ల వైన్‌కు పేరు మోసిన బోనో దు మార్త్రే తోట రెండు వందల ఏళ్లుగా ఒకే కుటుంబానిది. 2017లో అందులో పెద్ద వాటా అమెరికా కోటీశ్వరుడి చేతికి పోయింది. సీసా మీద పాత పేరే ఉంది. పేరు నిలిచినా రైతు నిలవకపోవచ్చు.

పేరు ఒక్కటే ఉంటే చాలదని కూడా అక్కడే ఒక సాక్ష్యం ఉంది. పడమటి తీరాన ముస్కాడే అనే తెల్ల వైన్‌కూ ఇదే చట్ట రక్షణ ఉంది. 1990ల్లో సుమారు 13 వేల హెక్టార్లున్న ఆ తోటలు తర్వాత ఇరవై ఏళ్లలో మూడో వంతు దాకా పోయాయి. ఎక్కువ సరుకు, తక్కువ ధర, పెద్ద దుకాణాల ఒత్తిడి. కాబట్టి కాగితం మీద ముద్ర పడగానే కడుపు నిండుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇక మన సంగతి

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో ఊరి పేర్ల రక్షణ అధ్యాయం ఒకటుంది. అందులో వైన్‌కు, మద్యానికి ఎక్కువ రక్షణ రాయించుకున్నది యూరప్ వాళ్లే. అయినా అమెరికాలో చవక తెల్ల వైన్‌కు 'షాబ్లీ' అని పేరు పెట్టి దశాబ్దాలు అమ్మారు. 2006 ఒప్పందంలో కొత్తగా ఎవరూ వాడకూడదన్నారు గానీ, పాతవాళ్లను వదిలేశారు. అంత బలమున్న వాళ్ల పేరే దొంగల చేతిలో పడితే, మన బాస్మతి పేరు మీద 1997లో ఒక అమెరికా కంపెనీ పేటెంట్ తీసుకోవడంలో వింతేముంది?

ఆ ఒప్పందం వల్లే మన దేశంలో 1999లో భౌగోళిక గుర్తింపు చట్టం వచ్చింది. 2003 నుంచి అమలులో ఉంది. డార్జిలింగ్ టీ మొదటిది. మన గుంటూరు సన్నం మిర్చికి, బనగానపల్లె మామిడికి, అరకు కాఫీకి, తాండూరు కందికి ఆ గుర్తింపు ఉంది. పేపర్లలో ఫోటోలు వచ్చాయి, సన్మానాలు జరిగాయి. నేను మా మండలంలో ఇరవై మంది మిర్చి రైతులను అడిగాను, 'గుంటూరు సన్నం పేరు వాడుకునే హక్కు కోసం నమోదు చేసుకున్నారా?' అని. ఒక్కరు కూడా అలాంటిది ఉందని వినలేదు. నేనూ అప్పుడే విన్నాను.

చట్టంలో రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు, పేరును నమోదు చేయడం. గుంటూరు సన్నం సుగంధ ద్రవ్యాల బోర్డు పేరున ఉంది, అరకు కాఫీ కాఫీ బోర్డు పేరున, బనగానపల్లె మామిడి ఉద్యాన శాఖ పేరున. తాండూరు కందికి మాత్రం అక్కడి రైతు ఉత్పత్తిదారుల కంపెనీ ముందుకొచ్చింది, వాళ్లను మెచ్చుకోవాలి. రెండో మెట్టు, పండించే రైతు ఆ పేరుకు 'అధీకృత వినియోగదారు'గా నమోదు కావడం. ఆ మెట్టు ఎక్కితేనే రైతు తన సరుకు మీద ఆ పేరు, గుర్తు వేసుకోగలడు, దొంగ పేరు మీద కేసు పెట్టగలడు. దరఖాస్తు ఫీజు 500 ఉండేది, 2020లో పది రూపాయలు చేశారు. పది రూపాయల హక్కు! మనకు చెప్పినవాడు లేడు, అడిగినవాడు లేడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు. మన విషయంలో పేరు గొప్ప, రైతు దిబ్బ.

అందుకే మన సంఘం తరఫున ఈ డిమాండ్లు ముందు పెడుతున్నాం.

ఒకటి, గుర్తింపు వచ్చిన ప్రతి పంటకూ ఆ ప్రాంతంలో పండించే రైతులందరినీ, కౌలు రైతులతో సహా, గ్రామ స్థాయిలోనే అధీకృత వినియోగదారులుగా నమోదు చేయాలి. కాగితాల పని వ్యవసాయ, ఉద్యాన శాఖల సిబ్బంది చేసిపెట్టాలి.

రెండు, ఆ పంటల నియమాలు రాసే, మార్చే కమిటీల్లో సగం పైన పండించే రైతులే ఉండాలి. బోర్డులో కూర్చున్న అధికారి మన కాయకు హద్దు గీయడం కాదు, మనం గీసుకోవాలి.

మూడు, మార్కెట్లలో గుర్తింపు ఉన్న సరుకును వేరుగా దించి, వేరుగా వేలం వేయాలి. వేరే ప్రాంతం సరుకును ఈ పేరుతో అమ్మితే చట్టంలో ఉన్న శిక్ష అమలు చేయాలి. ఏటా ఎంత పండింది, ఆ పేరుతో ఎంత అమ్ముడైంది అనే లెక్క బయట పెట్టాలి. దొంగతనం ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే దొరుకుతుంది. 1907 రైతులు నేర్పిన ఉపాయం ఇది.

నాలుగు, కౌలు ఒప్పందం కనీసం ఐదేళ్లు ఉండాలి. సాగు చేస్తున్నట్టు గ్రామసభ ధ్రువీకరిస్తే యజమాని సంతకం లేకుండా కార్డు ఇవ్వాలి.

ఐదు, యూరప్‌తో గానీ ఇంకెవరితో గానీ వాణిజ్య ఒప్పందాల్లో వాళ్ల షాబ్లీకి, షాంపేన్‌కు రక్షణ ఇచ్చేటప్పుడు మన మిర్చికి, మామిడికి, కందికి అదే రక్షణ రాయించుకోవాలి. ఆ చర్చల వివరాలు రైతు సంఘాలకు చెప్పాలి.

ప్రభుత్వాన్ని అడిగేవి ఇవి. మనం చేయాల్సినవీ ఉన్నాయి. పేరు కావాలంటే మాట మీద నిలబడాలి. రంగు కోసం నూనె పూసి, బరువు కోసం నీళ్లు చల్లి, పై వరుసలో మంచి కాయ పెట్టి లోపల తాలు కుక్కే పని మనలో ఎవరు చేసినా మనమే ఆపాలి. షాబ్లీ రైతు వ్యాపారి మీద నిఘా పెట్టాడు, తన మీద కూడా నిఘా ఒప్పుకున్నాడు. రెండోది చేయకపోతే మొదటిది అడిగే నోరు మనకు ఉండదు.

వచ్చే నెల మండల సమావేశాలకు ప్రతి గ్రామ శాఖ నుంచి గుర్తింపు పంటలు పండించే రైతుల జాబితా తీసుకురండి. పేరు, సర్వే నంబరు, సొంతమా కౌలా, ఎన్ని ఎకరాలు. పది రూపాయల దరఖాస్తులు అందరివీ ఒకే రోజు, అందరం కలిసి పెడదాం. చర్చలకు పిలిస్తే ఐదుగురికి తక్కువ కాకుండా వెళ్దాం. ఎవరి రైలు ఖర్చు వాళ్లే పెట్టుకుందాం.

ఆ సీసా ఇంకా మా ఇంట్లోనే ఉంది, బిరడా తీయలేదు. మా ఆవిడ దాన్ని ఎవరికైనా ఇచ్చేయమంటోంది. ఇస్తాను, కానీ ఇప్పుడే కాదు. మా ఊరి పేరు, పండించినవాడి పేరు రెండూ రాసిన మొదటి మిర్చి సంచి మా ఇంటి నుంచి బయటికి వెళ్లిన రోజు, ఆ సంచిలోంచి కిలో కాయలు ఆ ఫ్రాన్సు అన్నాచెల్లెళ్లకు పంపించి, అప్పుడు సీసా ఇంట్లోంచి తీసేస్తాను.